గొంతునొప్పికి సెలవు

తెల్లవారి లేచి ఉమ్మి మింగబోయిన జములమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాత్రి పడుకునేటప్పుడు గొంతులో కొంచెం గరగరమన్నట్టు ఉంది, అంతే. ఇప్పుడు తుమ్మముల్లు అడ్డం పడ్డట్టు పొడుస్తోంది. ఆ పోటు గొంతులో ఆగకుండా కుడిచెవి దాకా పోతోంది. దవడల కింద వేళ్ళు పెట్టి చూసుకుంటే రెండు పక్కలా రేగుపళ్ళంత గడ్డలు తగిలాయి. దగ్గు లేదు, జలుబు లేదు, తుమ్ము లేదు. నుదురు మాత్రం కాలుతోంది.

తోడుండడానికి వడ్డేపల్లి నుంచి వచ్చిన తల్లి మల్లమ్మ చాయ్ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. జములమ్మ ఒక గుక్క నోట్లో పోసుకుంది. దాన్ని మింగడానికి మెడ ముందుకు చాచి, కళ్ళు మూసుకుని, పిడికిళ్ళు బిగించాల్సి వచ్చింది. రెండో గుక్క తాగలేదు. ఖాకీ కోటు తొడుక్కుని డిపోకు నడిచింది.

ఆడవాళ్ళను కండక్టర్లుగా తీసుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. ఆ డిపోలో జములమ్మ ఒక్కతే ఆడది, అదీ ఇంకా పర్మనెంటు కాలేదు. చెప్పకుండా డ్యూటీ మానేస్తే మళ్ళీ పిలుస్తారన్న నమ్మకం లేదు.

డ్యూటీలు వేసే కిటికీ లోపల కంట్రోలర్ వెంకటేశం చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంటున్నాడు. జములమ్మ కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. వెనుక నలుగురైదుగురు మగవాళ్ళున్నారు. ఆమె బస్సు నడిపే డ్రైవర్ కురుమూర్తి వాళ్ళలో అందరికంటే ముందున్నాడు.

"సార్, గొంతు లేస్తలేదు. ఏం మింగొస్తలేదు. జరం గూడ ఉన్నది. ఇయ్యాల సెలవియ్యిండ్రి."

వెంకటేశం సాసరు కింద పెట్టి ఆమె ముఖం చూశాడు. దగ్గొస్తోందా అని అడిగాడు. లేదంది. ముక్కు కారుతోందా అని అడిగాడు. లేదంది.

"మరి ఎక్కడి గొంతునొప్పమ్మా నీది? గొంతునొప్పి బడిపిల్లలకొస్తది. పెద్దోళ్ళకు రాదు. ఉప్పునీళ్ళు పుక్కిలించి బండెక్కు, పో."

వెనుక ఎవరో ఆడవాళ్ళకు మాట్లాడీ మాట్లాడీ గొంతు పోతుందని అన్నారు. నవ్వులు వినిపించాయి. ఇంకో రోజయితే జములమ్మ వెనక్కి తిరిగి, ఆ అన్నవాడి మొహం వాడిపోయేదాకా మాట్లాడేది. ఇప్పుడు ఒక్కో మాటకూ లెక్క చూసుకోవాల్సి వస్తోంది. ఈ నాలుగు మాటలు చెప్పినందుకే గొంతు లోపల గీరుకుపోయినట్టు మండుతోంది. కోపాన్నీ ఉమ్మినీ కలిపి మింగి, టికెట్ల ట్రే, తోలుసంచి తీసుకుని బస్సు దగ్గరికి వెళ్ళింది.

నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తి మీదుగా ఆత్మకూరు పోయే బస్సు అది. ఆత్మకూరులో సంత. వనపర్తి దాటేసరికే కాలు పెట్టడానికి జాగా లేదు. ఉల్లిగడ్డ సంచులు, కోళ్ళ గంపలు, చంకల్లో పిల్లలు. కండక్టర్ పని సగం చేతులతో, సగం నోటితో. ముందుకు జరగమనాలి, మెట్ల మీద నిలబడ్డవాళ్ళను లోపలికి రమ్మనాలి, ఊరొచ్చినప్పుడల్లా పేరు కేకేసి చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, బస్సు కదిలిన ప్రతిసారీ ఈ చివర నుంచి ఆ చివరకు "ఇంక టికెట్ ఎవరు" అని అడుగుతూ పోవాలి. ఆ కేక వినపడితే తీసుకోనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే చెయ్యి చాస్తారు. ఆ కేక లేకపోతే ఎవరు ఎక్కడ ఎక్కారో దేవుడికే తెలియాలి.

జములమ్మ టికెట్లకు చిల్లుపెట్టే పంచ్‌తో ఇనుపకడ్డీ మీద టకటకమని కొట్టుకుంటూ పోయింది. కొందరికి అర్థమైంది. కొందరు మూగదా అని అడిగారు. ఒకాయన తన ఊరు దాటిపోయింది, చెప్పలేదని ఆమె మీద కేకలేశాడు. పెద్దగా నోరు తెరిస్తే చెవిలోకి సూది దిగుతోంది. అతను దిగేదాకా ఆమె అతని చొక్కా గుండీల వంక చూస్తూ నిలబడింది. ఒక్క గుండీ పట్టుకుని ఊపాలనిపించింది.

ఆత్మకూరులో బస్సు ఆగాక కురుమూర్తి రెండు గ్లాసుల చాయ్ తెచ్చాడు. పదవీ విరమణకు దగ్గర పడ్డ మనిషి. రోజంతా పక్కన పనిచేసినా పట్టుమని పది మాటలు మాట్లాడడు. జములమ్మ గ్లాసు అందుకుని పెదవులు తడుపుకుంది. మింగలేక, తల అడ్డంగా ఊపి, గ్లాసు తిరిగి ఇచ్చేసింది. కురుమూర్తి దాన్ని పారబోయలేదు. ఆమె ఎదుటే తాగేసి, టైర్లు చూసుకోవడానికి వెళ్ళాడు.

సాయంత్రం మల్లమ్మ కూతుర్ని గడపలో కూర్చోబెట్టి నోరు తెరిపించింది. చెంచా కాడతో నాలుక అదిమి, టార్చి వేసి చూసింది. లోపల ఎర్రగా పచ్చిపుండులా ఉంది. కొండనాలుకకు రెండు పక్కలా తెల్లతెల్లగా, పెరుగు తునకలు అంటుకున్నట్టు మచ్చలు.

"రేపు పోవద్దు బిడ్డా. ఆ నౌకరి లేకుంటే చావం. గిది చిన్న రోగం గాదు."

మిరియాల పాలు కాచి ఇచ్చింది. జములమ్మ గ్లాసు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తాగలేకపోయింది.

మర్నాడు కాళ్ళల్లో వణుకు మొదలైంది. అయినా కిటికీ దాకా నడిచింది. ఈసారి మాట గుసగుసగా తప్ప రావడం లేదు. గొంతులో తెల్లగా పుండ్లు పడ్డాయి, చూడండని నోరు తెరవబోయింది. వెంకటేశం చేయి అడ్డం పెట్టి మొహం తిప్పుకున్నాడు. ఆడవాళ్ళను తీసుకున్నప్పుడే ఇట్లాంటి రోజు వస్తుందని తను అనుకున్నానన్నాడు. నెలకో నొప్పి చెబితే బస్సులెట్లా నడపాలన్నాడు. వేరే కండక్టర్‌ను వెతికి తెచ్చుకుంటే అప్పుడు పొమ్మన్నాడు. కురుమూర్తి ఆ మాటలన్నీ వింటూ పక్కనే నిలబడి ఉన్నాడు. తన డ్యూటీ కాగితం తీసుకుని బస్సు వైపు వెళ్ళిపోయాడు.

మదనాపురం రైల్వే గేటు పడి ఉంది. గూడ్సుబండి వెళ్ళేదాకా బస్సు ఆగింది. గేటు దగ్గర ఆగిన బస్సెక్కడం ఆ దారిలో వాళ్ళకు అలవాటు. వెనుక తలుపు తీసుకుని ఎవరెవరో ఎక్కారు. జములమ్మ ముందు సీటు కడ్డీకి నుదురు ఆనించి నిలబడింది. చల్లటి ఇనుము నుదుటికి హాయిగా ఉంది. గూడ్సుబండి పెట్టెలు ఒకదాని వెంట ఒకటి కదిలిపోతుంటే అవి తన తలలోంచే పోతున్నట్టుంది. గేటు లేచింది. బస్సు కదిలింది. ఆమె కడ్డీని టకటకలాడించుకుంటూ వెనుకకు నడిచింది. ఎక్కినవాళ్ళలో చెయ్యి చాచిన ప్రతివాళ్ళకూ టికెట్ ఇచ్చింది. "ఇంక టికెట్ ఎవరు" అనడానికి నోరు తెరిచింది గానీ గాలి తప్ప ఏమీ రాలేదు.

కొంచెం దూరం పోయాక చింతచెట్ల దగ్గర చెకింగ్ వాళ్ళ జీపు అడ్డంగా ఉంది.

చెకింగ్ ఇన్‌స్పెక్టర్ వెనుక నుంచి మొదలుపెట్టాడు. ఆఖరి సీటు మూలన, ఒళ్ళో మూట పెట్టుకుని ఒక ముసలామె ఉంది. టికెట్ ఏదంటే కొంగు విప్పి, మూట విప్పి, చేతులు ఉత్తవే చూపించింది. టికెట్ లేకుండా ఎక్కితే జరిమానా కట్టాలన్నాడు. ముసలామె జములమ్మ వైపు ఒకసారి చూసి, చూపు దించుకుంది.

"నేను పైసలిచ్చిన సారు. ఆ యమ్మ తీస్కుంది, చీటియ్యలే."

పైసలిచ్చినా టికెట్ ఇవ్వలేదని ప్రయాణికులు చెబితే తప్పు వాళ్ళది కాదు, కండక్టర్‌ది. కండక్టర్ దొంగ కింద లెక్క.  జములమ్మ అబద్ధమని అరవాలనుకుంది. నోరు తెరిచి బలమంతా పెట్టింది. తలుపు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు వచ్చింది, దాని వెంట నొప్పికి దగ్గు, దగ్గు వెంట కళ్ళనీళ్ళు. ఇన్‌స్పెక్టర్ చెప్పు చెప్పు అని రెట్టించాడు. చెప్పడానికి ఏమీ లేకపోతేనే ఇట్లా ఏడుపులు వస్తాయని పక్కనున్న అతనితో అన్నాడు. బస్సులో ఎవరో పొద్దుట్నుంచీ ఈమె నోరు విప్పలేదని చెప్పారు. అది ఆమెకు సాయమో ద్రోహమో కూడా తెలియలేదు.

ముసలామె పేరు రాసుకున్నారు. పెంటమ్మ. సాక్షిగా డ్రైవర్‌ను పిలిచారు. కురుమూర్తి దిగి వచ్చాడు. చూపించిన చోట సంతకం చేశాడు. జములమ్మ అతని ముఖం వైపే చూసింది. ఒక్క మాట చాలు. రెండు రోజుల నుంచి ఈ పిల్లకు బాగలేదు, నేను చూసిన అంటే చాలు. అతను పెన్ను తిరిగి ఇచ్చి, చేతులు తుండుకు తుడుచుకుని, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

తర్వాతి ఊళ్ళో పెంటమ్మ దిగింది. మూట నెత్తిన పెట్టుకుని, చెప్పులు లేని కాళ్ళతో గబగబా నడిచిపోతుంటే జములమ్మ కిటికీలోంచి చూసింది. తిట్టుకుందామని చూసింది. ఆ జరిమానా కట్టాలంటే ఆ ముసలిది ఎన్నాళ్ళు కూలికి పోవాలో గుర్తొచ్చి తిట్టు సగంలో ఆగింది. పెంటమ్మకు భయం. మరి ఆ కిటికీ వెనుక కూర్చున్నవాడికి ఏం భయం? ఈ స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి ఏం భయం? ఆత్మకూరు వచ్చేదాకా ఆమె కురుమూర్తి వీపునే చూస్తూ నిలబడింది. ఆ రోజు అతను తెచ్చిన చాయ్ వైపు తల కూడా తిప్పలేదు.

డ్యూటీ దిగి, ట్రే అప్పగించి, ఇంటికి పోకుండా దవాఖానకు నడిచింది. డాక్టరమ్మ నోట్లో టార్చి వేసి చూసింది, మెడ కింద గడ్డలు నొక్కి చూసింది. దగ్గూ జలుబూ లేవా అని అడిగింది. జములమ్మ లేవన్నట్టు తలూపి, మళ్ళీ అదే మాట వినాల్సి వస్తుందేమోనని బిగుసుకుంది.

"అవి లేకపోవడమే దీని గుర్తు. ఇది జలుబు గొంతు కాదు, వేరే పురుగు. పెద్దవాళ్ళకూ వస్తుంది. ఊరికే వదిలేస్తే గుండెను పట్టుకుంటుంది. ఇన్ని రోజులు ఏం చేస్తున్నావమ్మా?"

ఏం చేస్తోందో చెప్పడానికి జములమ్మకు గొంతు లేదు. ఖాకీ కోటు చూపించింది. డాక్టరమ్మ తల పట్టుకుంది. దగ్గరగా మాట్లాడినా, ఒకే గ్లాసులో తాగినా ఇది అంటుకుంటుందనీ, మందు పడేదాకా జనంలో తిరగొద్దనీ చెప్పింది. ముంజేతికి కొంచెం మందు ఎక్కించి, పడుతుందో లేదో చూసి, అప్పుడు పెన్సిలిన్ సూది వేసింది. తగ్గిందని మధ్యలో మానకుండా అన్ని మాత్రలూ వేసుకోమంది.

చెకింగ్‌లో పేరు రాసినవాళ్ళకు మేనేజర్ పిలిచేదాకా డ్యూటీ ఉండదు. మరునాడంతా జములమ్మ చాపమీద పడి ఉంది. చెమటలు పట్టి జ్వరం దిగింది. సాయంత్రానికి మల్లమ్మ పలచగా కాచిన జావ చల్లార్చి ఇస్తే, ముఖం చిట్లించుకుంటూనే గిన్నెడు తాగింది. కడుపులోకి ఏదో దిగడం వింతగా అనిపించింది. జ్వరం దిగినకొద్దీ కోపం తేటపడింది. జ్వరంలో ఉన్నప్పుడు అందరి మీదా ఒక్కటిగా మండింది. ఇప్పుడు ఎవరి మీద ఎంతో విడివిడిగా తెలుస్తోంది. చీకటి పడకముందే డిపో నుంచి మనిషి వచ్చాడు. పొద్దున మేనేజర్ ముందుకు రావాలట. ఉద్యోగం ఉండేదీ ఊడేదీ అక్కడే తేలుతుందని అతను వెళుతూ చెప్పాడు.

పొద్దున డిపోలో అడుగు పెట్టగానే ఆమె చెవిన పడ్డ మొదటి సంగతి కురుమూర్తికి సెలవు దొరికిందని. నిన్న పొద్దున కిటికీ దగ్గరికి వచ్చి గొంతు పట్టుకుని చూపించాడట. వెంకటేశం నుదురు ముట్టి చూసి, తన కుర్చీలోంచి లేచి, డిపో జీపులో ఇంటికి పంపించాడట. తగ్గేదాకా రావద్దన్నాడట. చెబుతున్న మెకానిక్ ఎల్లయ్యకు అందులో వింతేమీ కనిపించలేదు. జములమ్మకు తను పెదవులు తడుపుకుని ఇచ్చిన చాయ్ గ్లాసు గుర్తొచ్చింది. తన గొంతులోని పురుగే అది. తన గొంతులో ఉన్నప్పుడు రోగం కాదు. మగవాడి గొంతులోకి పోయేసరికి రోగమైంది, జీపు కూడా ఎక్కింది.

మేనేజర్ గది ముందు వెంకటేశం ఆమెను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించి, తల్లీ అని పిలుస్తూ మాట్లాడాడు. బాగలేదని ఎవరికీ చెప్పలేదని అనమన్నాడు. నౌకరీ పోతుందని భయపడి దాచుకున్నానని అంటే మేనేజర్ జాలి పడతాడన్నాడు. తను కూడా ఒక మాట సాయం చేస్తానన్నాడు. జములమ్మ అతని ముఖం వైపు చూసింది తప్ప ఔననలేదు, కాదనలేదు. దానికి అతను తృప్తిపడ్డట్టే ఉన్నాడు.

లోపల కురుమూర్తి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. సాక్షి సంతకం చేశాడు గనుక సెలవులో ఉన్నా పిలిపించారు. మెడచుట్టూ ఉన్ని మఫ్లరు, కళ్ళు గుంతలు పడ్డాయి. ఉమ్మి మింగినప్పుడల్లా మెడ ముందుకు చాస్తున్నాడు. ఆ చాచడం ఎట్లాంటిదో జములమ్మకు తెలుసు.

మేనేజర్ వేరే ప్రాంతం నుంచి వచ్చినవాడు. కాగితం చదివి, కళ్ళద్దాలు తీసి, ఒంట్లో బాగలేకపోతే డ్యూటీ ఎందుకు ఎక్కావని అడిగాడు.

"సెలవడిగిన సార్. రెండు దినాలూ అడిగిన." గొంతు బొంగురుగా ఉంది, కానీ మాట వచ్చింది.

వెంకటేశం తడుముకోలేదు. ఈమె అడగనే లేదన్నాడు. అడిగితే ఇవ్వకపోవడానికి తనకేం పగ అన్నాడు. కురుమూర్తికి ఇవ్వలేదా అన్నాడు. మేనేజర్ కురుమూర్తి వైపు తిరిగి, నువ్వు అక్కడున్నావా అని అడిగాడు. కురుమూర్తి నేలవంక చూశాడు. తర్వాత మెల్లగా చెయ్యెత్తి, గొంతు చూపించి, మాట రావడం లేదన్నట్టు చెయ్యి ఆడించాడు.

మేనేజర్ సరేనని వదిలేశాడు. నిన్నమొన్నటిదాకా తనకు లేని గొంతు ఇప్పుడు ఇతనికి లేదు. ఆ లేకపోవడం అతన్ని కాపాడుతోంది. తనను దొంగను చేసింది.

"ఆయనకు మాట వస్తలేదంటే మీరు సరే అన్నరు సార్," అంది. కూడబలుక్కుని, మాట మాటకూ ఆగుతూ అంది. "నాకు రాకపోతే దొంగ అని రాసిండ్రు. ఆయనకు గొంతునొస్తే జీపుల ఇంటికి తోలిండ్రు. నాకు నొస్తే బస్సెక్కిచ్చిండ్రు. ఇద్దరిదీ ఒకటే రోగం. డాక్టరమ్మను అడుగుండ్రి. ఆయనదేంది, నాదేంది?"

వెంకటేశం మెడ ఎర్రబడింది. మేనేజర్ ముందు ఒక కొత్త కండక్టర్, అందునా ఆడది, తనను నిలదీయడం అతనికి మింగుడుపడలేదు.

"ఒకటెట్లయితది సార్? ఆయన డ్రైవరాయె. బండి నిండ మంది ఉంటరు. జరం నేను ముట్టి చూసిన. ఈమె కిటికీకాడికొచ్చి అడిగిన నాడు గిట్ల లేకుండె. చక్కగ నిలవడి మాట్లాడింది..."

ఫ్యాను గిర్రున తిరుగుతోంది. బయట ఎవరో బస్సు స్టార్టు చేశారు.

"అడగనే లేదన్నావు కదా. ఏ రోజు అడిగింది?" అన్నాడు మేనేజర్.

మేనేజర్ కళ్ళద్దాలు పెట్టుకుని, చదివిన కాగితమే మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అప్పుడు గోడ దగ్గరి నుంచి, రాతి మీద మోటుగా గీకినట్టు ఒక గొంతు వచ్చింది.

"అడిగింది సార్. రెండు దినాలు అడిగింది. నేను ఎనకనే ఉంటి."

జములమ్మ అతని వైపు తిరగలేదు. ఆ మాట బస్సు వెళ్ళిపోయాక ఊదిన విజిల్.

మేనేజర్ నిట్టూర్చాడు. ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నాననీ, రేపటి నుంచి డ్యూటీకి రమ్మనీ చెప్పాడు. అది దయ అన్నట్టు చెప్పాడు. వెంకటేశం తలూపాడు.

"హెచ్చరిక నాకెందుకు సార్?"

మేనేజర్ తలెత్తాడు.

"టికెట్ అడగడానికి నోరు లేదని చెప్పిన. చెప్పినంక ఎక్కిచ్చిండ్రు. హెచ్చరిక ఎక్కిచ్చినోళ్ళకు ఇయ్యిండ్రి."

మేనేజర్ ఆమెను చూశాడు, వెంకటేశాన్ని చూశాడు. పెన్ను తీసుకుని ఆ కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి పక్కన పెట్టాడు. వెంకటేశానికి హెచ్చరిక రాయలేదు, రాస్తాననీ అనలేదు. రేపు డ్యూటీకి రా అని మాత్రం మళ్ళీ అన్నాడు.

"రేపు రాను సార్. ఇంక రెండు దినాలు సెలవు కావాలె."

కిటికీ లోపలికి వెళ్ళి వెంకటేశం సెలవు పుస్తకం తీశాడు. బయట ఊచ పట్టుకుని జములమ్మ నిలబడింది. అతను పేరు రాశాడు, తారీఖు రాశాడు. తర్వాత పెన్ను ఆపి, తల ఎత్తకుండా, కారణం ఏమని రాయాలని అడిగాడు.

"గొంతునొప్పి," అంది జములమ్మ. వెనుక వరుసలో ఉన్న మగవాళ్ళందరికీ వినపడేట్టు అంది.

గేటు దగ్గర కురుమూర్తి నిలబడి ఉన్నాడు. ఆమె కోసమే ఆగాడు. బిడ్డా అని ఏదో చెప్పబోయి, నొప్పికి ముఖం ముడుచుకున్నాడు. జములమ్మ దాటి నాలుగడుగులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగింది.

"సూది ఏయించుకున్నవా?"

లేదన్నట్టు తల ఊపాడు. ఇంట్లో మిరియాల పాలు కాచి ఇస్తున్నారని చేతులతో చెప్పాడు.

"సెలవు తీసుకొని పాలు తాగుతున్నవా? పాలతోని పోతదా అది? గుండెకు పట్టుకుంటది. నడువు దవాఖానకు."

కురుమూర్తి కదిలాడు. ఆమె ముందు నడిచింది, అతను వెనుక. దారి పొడవునా ఆమె తిడుతూనే ఉంది. సంతకం చేసినందుకు తిట్టింది, నేలవంక చూసినందుకు తిట్టింది, చాయ్ పారబొయ్యకుండా తాగినందుకు కూడా తిట్టింది. అతను మఫ్లరు సర్దుకుంటూ అన్నీ వింటూ వచ్చాడు. మాట మాటకూ ఆమె గొంతులో చురుక్కుమంటోంది. దవాఖాన గేటు దాకా ఆమె ఆపలేదు.